మావోరీల భూమి ఎలా చేతులు మారింది? హామిల్టన్‌లో ఇల్లు కొనబోయేవారి ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ అబ్బాయి న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఇల్లు కొనాలనుకుంటున్నాడు. 2024 నవంబర్‌లో ఆ దేశపు మూలవాసులైన మావోరీలు వేలాదిగా వెల్లింగ్టన్ పార్లమెంటుకు నడిచిన వార్తలు చూశాక మీకు రెండు సందేహాలు వచ్చాయి. ఒప్పందం మీద సంతకాలు పెట్టి, డబ్బు తీసుకుని భూములు అమ్ముకున్నవాళ్లు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అడగడంలో న్యాయం ఏముంది? రేపు ఎవరైనా వచ్చి ‘ఇది మా తాతల నేల’ అంటే మీ అబ్బాయి ఇల్లు ఏమవుతుంది?

నా ఉద్యోగ జీవితం చాలావరకు ఆ దేశంలోనే, భూమి సర్వే రికార్డులు, హక్కు పత్రాల పరిశీలనలో గడిచింది. మీ రెండో ప్రశ్నకు జవాబు చిన్నది, చివర చెబుతాను. మొదటిదానికి మాత్రం తీరిగ్గా జవాబు చెప్పాలి. పాత దస్తావేజులు తిరగేసినవారికి ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. మావోరీల భూమి యుద్ధంలో పోయినదానికంటే కోర్టులో, కాగితం మీద పోయింది చాలా ఎక్కువ. అక్కడ అమ్మకం అని రాసి ఉన్న చాలా లావాదేవీల వెనుక, ఆ నేల మీద బతుకుతున్న జనంలో అత్యధికులకు సంతకం పెట్టే హక్కే లేదు.

1840 ఫిబ్రవరి 6న వైతాంగి అనే చోట బ్రిటిష్ రాణి తరఫున విలియం హాబ్సన్, మావోరీ పెద్దలు ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడాదిలోనే మొత్తం మీద ఐదు వందల మందికి పైగా పెద్దలు సంతకాలు చేశారు. వారిలో ఎక్కువమంది సంతకం చేసింది మావోరీ భాషలో ఉన్న ప్రతి మీద. ఆ ప్రతికీ ఆంగ్ల ప్రతికీ ఉన్న తేడాల మీద నేటికీ వాదనలు నడుస్తున్నాయి. నేను వాటిలోకి వెళ్లను. మావోరీల నేల మావోరీలదే అన్న హామీ మాత్రం రెండింటిలోనూ ఉంది. వాళ్లు అమ్మదలిస్తే ముందుగా కొనే హక్కు ప్రభుత్వానిదని ఆంగ్ల ప్రతిలో ఉంది. ఆచరణలో అదే నియమమైంది. కొనేవాడు ఒక్కడే ఉన్నచోట ధర ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం చవకగా కొని, వలస వచ్చినవాళ్లకు ఎన్నో రెట్లకు అమ్మి, ఆ తేడాతో వలస రాజ్యాన్ని నడిపింది.

దక్షిణ దీవిలో ఏం జరిగిందో చూడండి. 1848లో న్గాయి తాహు తెగ నుంచి 1 కోటి 30 లక్షల ఎకరాలకు పైగా భూమిని ప్రభుత్వం 2,000 పౌండ్లకు కొన్నది. ఊళ్లు, చేపలు పట్టే రేవులు, ఆహారం సేకరించుకునే చోట్లు తెగకే వదులుతామని, సరిపడా భూమి విడిగా కేటాయిస్తామని మాట ఇచ్చింది. చివరికి కేటాయించింది 6,359 ఎకరాలు, మనిషికి సుమారు పదెకరాలు. అదే సమయంలో గొర్రెల పెంపకందారులు వేల ఎకరాలు తీసుకుంటున్నారు. మతియాహా తిరమోరెహు అనే పెద్ద 1849లోనే ఫిర్యాదు రాశాడు. ఆ తెగతో పరిష్కారం చట్టంగా మారింది 1998లో. ‘ఇన్నేళ్ల తర్వాత’ అని మీరు రాశారు కదా. వాళ్లు మొదటి ఏడాదే అడిగారు. తరాల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఉత్తర దీవిలో కథ వేరు. 1860 నాటికి కూడా ఆ దీవిలో దాదాపు 80 శాతం భూమి మావోరీల చేతిలోనే ఉంది. కానీ 1858 ప్రాంతంలో వలసవాసుల జనాభా మావోరీ జనాభాను దాటేసింది. ఓడల మీద ఓడలు దిగుతున్నాయి, వచ్చినవాళ్లందరికీ పొలాలు కావాలి. అదే ఏడాది కొన్ని తెగలు కలిసి పోతతౌ తె ఫెరోఫెరోను తమ రాజుగా నిలబెట్టుకున్నాయి. దీన్ని కింగితంగ ఉద్యమం అంటారు. ఒక్కొక్క తెగను విడదీసి కొనడం ఆపాలంటే భూమినంతా ఒకే నీడ కింద పెట్టి అమ్మకం నిలిపేయాలన్నది వాళ్ల ఆలోచన. బ్రిటిష్ అధికారులు దీన్ని తిరుగుబాటుగా చూశారు. నేను చదివినంతలో ఇది భూమి కాపాడుకోవడానికి అప్పటి పరిస్థితిలో ఎంచుకోదగ్గ అత్యంత వివేకమైన మార్గం.

యుద్ధం మొదలైంది ఒక చిన్న తునక దగ్గర. తరనకి ప్రాంతంలో వైతర నది ఒడ్డున ఉన్న పెకపెక అనే భూమిని తెయిరా అనే వ్యక్తి గవర్నర్‌కు అమ్ముతానన్నాడు. అక్కడి పెద్ద విరెము కింగి ఒప్పుకోలేదు. అది తెయిరా ఒక్కడిది కాదు, అక్కడ నివసిస్తున్న అందరిదీ. గవర్నర్ గోర్ బ్రౌన్ మాత్రం అమ్మకాన్ని అంగీకరించి సర్వేకు మనుషుల్ని పంపాడు. 1860 ఫిబ్రవరిలో ఊరి స్త్రీలు ఆ సర్వేయర్లను అడ్డుకుని పని సాగనివ్వలేదు. మార్చిలో తుపాకులు పేలాయి.

1863 జూలైలో గవర్నర్ జార్జ్ గ్రే వైకాతో లోయ మీదికి సైన్యాన్ని పంపాడు. మీ అబ్బాయి ఉంటున్నది అక్కడే. గోధుమ పండించి, సొంత మరలు కట్టుకుని, ఆక్లాండ్ పట్టణానికి తిండి పంపిన జనం వాళ్లు. అదే ఏడాది డిసెంబర్‌లో తెచ్చిన చట్టం తిరుగుబాటుదారుల భూమిని జప్తు చేసి సైనిక వలసలకు పంచే అధికారం ఇచ్చింది. గీత గీసి ప్రాంతాలకు ప్రాంతాలను జప్తు చేశారు కాబట్టి, ఆయుధం పట్టనివాళ్ల నేల, ప్రభుత్వం పక్షాన ఉన్నవాళ్ల నేల కూడా ఆ గీతలోపల పడి పోయింది. వైకాతోలో దాదాపు 12 లక్షల ఎకరాలు పోయాయి. మావోరీలు ఈ జప్తును రౌపతు అంటారు. 1864లో ఆ భూమిలో, కిరికిరిరోవా అనే మావోరీ ఊరు ఉన్న చోటే, సైనిక వలసగా వెలసిన ఊరే హామిల్టన్. రాజు, ఆయన జనం పునియు నది దాటి దక్షిణానికి వెళ్లిపోయి దాదాపు రెండు దశాబ్దాలు అక్కడే ఉన్నారు.

ఇంతవరకు చరిత్ర పుస్తకాల్లో తేలికగా దొరుకుతుంది. అసలు నష్టం ఆ తర్వాత, తుపాకీ చప్పుడు లేకుండా జరిగింది.

మావోరీలకు నేల వ్యక్తి ఆస్తి కాదు. హపు అనే బంధువర్గానిది. ఒక కుటుంబానికి ఫలానా చోట దుంపలు పండించుకునే హక్కు, ఇంకొకరికి ఫలానా వాగులో ఈల్ చేపల మాటు వేసుకునే హక్కు, మరొకరికి ఫలానా అడవిలో పిట్టలు పట్టే హక్కు. ఈ హక్కులు ఒకదానిపై ఒకటి అల్లుకుని ఉంటాయి, ఏ ఒక్కరూ మొత్తాన్ని అమ్మలేరు. 1862, 1865 చట్టాలతో నేటివ్ ల్యాండ్ కోర్టు వచ్చింది. దాని పని ఈ అల్లికను విప్పి, ఆంగ్లేయ పద్ధతిలో పేరు పేరునా పట్టా రాయడం. 1865 చట్టం కింద ఆ కోర్టు ఒక భూమికి పదిమందికి మించకుండా యజమానులను నమోదు చేసేది. వందలమంది బతికే నేలకు పది పేర్లు! మన ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడి పేరున పట్టా రాయించడం లాంటిదే కదా అని పదిమందీ సంతకాలు చేశారు, తాము జనం తరఫున ధర్మకర్తలం అనుకున్నారు. చట్టం మాత్రం వాళ్లను పూర్తి యజమానులుగా చూసింది. మిగిలినవాళ్లందరికీ సొంత నేల మీద చట్టపరమైన హక్కు ఏమీ లేకుండా పోయింది.

ఈ కోర్టు పనిచేసిన తీరు మీరు అర్థం చేసుకోవాలి. ఒకే ఒక్కడు దరఖాస్తు పెడితే చాలు, విచారణ మొదలవుతుంది. మిగతావాళ్లు రాకపోతే వాళ్ల హక్కు పోతుంది. కాబట్టి ఇష్టం లేనివాళ్లు కూడా పొలం పని వదిలి, ఎక్కడో ఉన్న పట్టణానికి వచ్చి వారాలు, నెలలు గుడారాల్లో పడి ఉండాలి. తిండి దుకాణంలో అప్పు. సర్వే ఖర్చు, కోర్టు రుసుము, లాయర్ల ఫీజు అన్నీ అప్పే. అప్పుకు హామీ ఆ భూమే. గెలిచినా చాలాసార్లు ఆ నేలలో కొంత అమ్మితే గానీ గెలుపు ఖర్చు తీరేది కాదు. ఆ శిబిరాల్లో జబ్బులు సోకి పిల్లలు, ముసలివాళ్లు చనిపోయారు. అప్పటి మావోరీ అర్జీల్లో ఈ గోడు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

హాక్స్ బే ప్రాంతంలోని హెరెతౌంగ భూమి దీనికి పాఠంలాంటి ఉదాహరణ. దాదాపు 19 వేల ఎకరాలు, పది పేర్లు. పన్నెండుమంది వలసవాసుల బృందం ముందు కౌలుకు తీసుకుంది. ఆ పదిమంది అప్పుల్లో ఉన్నప్పుడు ఒక్కొక్కరి వాటా విడివిడిగా కొంటూ పోయింది. వర్తకుడి దగ్గర అప్పు, కోర్టు నోటీసు, పక్కవాడు ఇప్పటికే సంతకం పెట్టేశాడన్న కబురు, ఈ మూడింటి మధ్య నలిగి 1870 నాటికి అందరూ సంతకాలు పెట్టారు. ఇవాళ ఆ నేల మీదే హేస్టింగ్స్ నగరం ఉంది. 1873లో విచారణ సంఘం వేశారు గానీ భూమి తిరిగి రాలేదు. ఆ కోపంలోంచే హెనారె మతువా నాయకత్వంలో అమ్మకాలను నిరాకరించే ఉద్యమం లేచింది. లాయర్లను పెట్టి, పత్రిక నడిపి, పార్లమెంటుకు అర్జీలు పంపి పోరాడారు. 1873లో చట్టం మార్చి యజమానులందరి పేర్లూ రాయడం మొదలుపెట్టారు. చూడటానికి న్యాయంగానే ఉంది. ఫలితం వేరుగా వచ్చింది: ఇప్పుడు ఎవరి వాటా వాళ్లు విడిగా అమ్ముకోవచ్చు, ఊరంతా కలిసి ‘వద్దు’ అని చెప్పే మార్గమే మూసుకుపోయింది.

కోర్టు మెట్లెక్కితే అక్కడా అదే దారి. పోరిరువా దగ్గర బడి కడతారని ఇచ్చిన భూమిలో బడి కట్టలేదని, భూమి వెనక్కి ఇవ్వాలని వి పరాతా దావా వేస్తే, 1877లో ప్రధాన న్యాయమూర్తి ప్రెండర్‌గాస్ట్ వైతాంగి ఒప్పందం చట్టం దృష్టిలో శూన్యం అని తీర్పు చెప్పాడు. కోర్టుల తలుపు ఆ తర్వాత దశాబ్దాల పాటు మూసుకునే ఉంది. లండన్ వెళ్లిన, పోతతౌ తర్వాత రాజైన తావియావోను 1884లో రాణి కలవలేదు. అది న్యూజీలాండ్ ప్రభుత్వం చూసుకోవలసిన విషయమని తిప్పి పంపారు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల దగ్గరికే తిరిగి పంపడం అన్నమాట.

ఇక పరిహాక గురించి రాయకుండా ఉండలేను. తరనకి పర్వతం కింద, జప్తు చేసిన భూమిలో తె ఫితి, తోహు అనే ఇద్దరు గురువులు ఊరు కట్టారు. నేల పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి చేరారు. జప్తు కాగితం మీద జరిగింది గానీ అక్కడ మావోరీలు కదలలేదు. 1870ల చివర్లో వాళ్ల పొలాల మీదుగా సర్వే గీతలు గీయడం మొదలైంది. కేటాయిస్తామన్న భూమి ఏదో మాత్రం గుర్తించి చూపలేదు. 1879 మేలో పరిహాక మనుషులు నాగళ్లు, ఎద్దులతో వెళ్లి, వలసవాసులు ఆక్రమించిన గడ్డి మైదానాలను దున్నడం మొదలుపెట్టారు. ఆయుధం లేదు. పోలీసులు వచ్చి పట్టుకుంటే ఎదురు తిరగలేదు, మర్నాడు ఇంకో జట్టు వచ్చి దున్నేది. తర్వాతి ఏడాది రోడ్డు కోసం కంచెలు కూల్చితే మళ్లీ మళ్లీ కట్టారు. వందలమందిని అరెస్టు చేశారు. విచారణ లేకుండా జైల్లో ఉంచడానికి ప్రత్యేకంగా చట్టాలు చేశారు. దూరాన దక్షిణ దీవికి, డునెడిన్, హోకితికా జైళ్లకు పంపి చాకిరీ చేయించారు. అక్కడే చనిపోయినవాళ్లూ ఉన్నారు.

1881 నవంబర్ 5న మంత్రి జాన్ బ్రైస్ దాదాపు 1,600 మంది సాయుధులతో, ఫిరంగితో ఊరి మీదికి వచ్చాడు. ఊరి ముఖద్వారం దగ్గర పిల్లలు పాటలు పాడుతూ కూర్చున్నారు. వచ్చినవాళ్ల కోసం రొట్టెలు కాల్చి సిద్ధం చేశారు. తె ఫితి, తోహులను పట్టుకెళ్లి ఎన్నడూ విచారణ జరపలేదు, 1883 వరకు విడిచిపెట్టలేదు. ఊరు దోచుకున్నారు, ఇళ్లు కూల్చారు, పంటలు నాశనం చేశారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. ఈ చివరి విషయాన్ని ప్రభుత్వం తన నోటితో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది 2017లో. మన దేశంలో సత్యాగ్రహం గురించి చదువుకున్న తెలుగువారు తె ఫితి పేరు కూడా తెలుసుకోవాలని నా కోరిక.

పరిహాక కథలో ఎక్కువమంది చెప్పని భాగం ఒకటి ఉంది. ఆ ప్రాంతంలో మావోరీలకు ఆఖరికి కొంత భూమి కేటాయించారు గానీ వాళ్ల చేతికి ఇవ్వలేదు. దాన్ని ప్రభుత్వ ధర్మకర్త చేతిలో పెట్టి వలస రైతులకు కౌలుకిచ్చారు. 1892 చట్టంతో ఆ కౌళ్లు 21 ఏళ్లకోసారి శాశ్వతంగా పొడిగించుకునేవిగా మారాయి. కౌలు ధర రైతుకు లాభంగా, చాలా తక్కువగా ఉండేది. భూమి పేరుకు మావోరీలది. అనుభవం తరతరాలుగా ఇంకొకరిది. ఈ కౌళ్లను మార్కెట్ ధరకు దగ్గర చేసే సవరణ 1997లో వచ్చింది. ఆ కౌళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మిగిలిన భూమి మీద కూడా ఒత్తిడి తగ్గలేదు. 1891–1911 మధ్య లిబరల్ ప్రభుత్వమే 30 లక్షల ఎకరాలకు పైగా మావోరీ భూమి కొన్నది. మావోరీ మంత్రి జేమ్స్ కారొల్ ఈ వేగాన్ని వీలైనంత ఆలస్యం చేయడానికి ప్రయత్నించాడు. అపిరానా న్గాతా ఇంకో దారి పట్టాడు: చెల్లాచెదురైన వాటాలను సంఘాలుగా కలిపి, 1929 తర్వాత ప్రభుత్వ రుణంతో పొలాలను బాగు చేయించాడు. కానీ ప్రతి తరంలోనూ పిల్లలందరికీ వాటా వస్తుంది కాబట్టి ఒక్కో తునకకు వందలు, వేలమంది యజమానులయ్యారు. బ్యాంకు అప్పివ్వదు, ఇల్లు కట్టుకోవడం కూడా కష్టం. ఈ ముక్కల సమస్యను సృష్టించింది కోర్టు పద్ధతే. దాన్నే సాకుగా చూపి 1953 చట్టం 25 పౌండ్ల కంటే తక్కువ విలువైన వాటాలను బలవంతంగా కొనడానికి వీలిచ్చింది. 1967 చట్టం నలుగురు లేదా అంతకంటే తక్కువమంది యజమానులున్న భూమిని మామూలు భూమిగా మార్చి, దానికున్న కొద్దిపాటి రక్షణ కూడా తీసేసింది.

ఆ కోపమే 1975 పాదయాత్ర. సెప్టెంబర్ 14న ఉత్తరపు కొసన తె హాపువా నుంచి 79 ఏళ్ల ఫినా కూపర్ నాయకత్వంలో బయలుదేరి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడిచి అక్టోబర్ 13న పార్లమెంటు చేరారు. ఇక ఒక్క ఎకరం కూడా పోకూడదన్నది వాళ్ల నినాదం. ఆక్లాండ్‌లోని ఓరాకేలో న్గాతి ఫాతువా తెగకు 1869లో అమ్మకూడదన్న షరతుతో 700 ఎకరాలు ఖాయం చేస్తే, 1950ల మొదట్లో వాళ్ల చేతిలో మిగిలింది పావు ఎకరం శ్మశానం. వాళ్ల చివరి ఊరిని ఖాళీ చేయించి తగలబెట్టారు. 1977 జనవరిలో జో హాక్ నాయకత్వంలో అక్కడి బాస్టియన్ పాయింట్ కొండ మీద గుడారాలు వేసి 506 రోజులు కూర్చున్నారు. 1978 మే 25న పోలీసులు 222 మందిని అరెస్టు చేశారు. పదేళ్ల తర్వాత ప్రభుత్వం ఆ కొండను తిరిగి ఇస్తానని ఒప్పుకుంది.

1975లో ఏర్పడ్డ వైతాంగి ట్రిబ్యునల్‌కు 1840 దాకా వెనక్కి వెళ్లి విచారించే అధికారం 1985లో వచ్చింది. ‘ఇప్పుడెందుకు అడుగుతున్నారు’ అన్న ప్రశ్నకు చట్టపరమైన జవాబు ఇదే. పాత అన్యాయాలన్నిటినీ వినే శాశ్వత వేదిక అంతకు ముందు లేదు. 1995లో వైకాతో-తైనుయి తెగకు 17 కోట్ల న్యూజీలాండ్ డాలర్ల విలువైన పరిష్కారం, క్షమాపణ దక్కాయి. ఆ చట్టం మీద ఎలిజబెత్ రాణి స్వయంగా సంతకం చేసింది. పోయిన 12 లక్షల ఎకరాల ముందు అది చాలా చిన్న మొత్తం. వాళ్లకూ ఆ సంగతి తెలుసు. హామిల్టన్‌లో చాలామంది తెలుగు పిల్లలు చదివే వైకాతో విశ్వవిద్యాలయం ఉన్న నేల ఆ పరిష్కారంలో తెగకు తిరిగి వచ్చింది, విశ్వవిద్యాలయం దాన్ని కౌలుకు తీసుకుని నడుస్తోంది. 1993 చట్టం మిగిలిన మావోరీ భూమిని వారసత్వ నిధిగా గుర్తించి అమ్మకాన్ని చాలా కష్టం చేసింది. ఇవాళ అలాంటి భూమి దేశం మొత్తం మీద సుమారు 5 శాతం. మీరు చూసిన 2024 ప్రదర్శన ఎవరి ఇల్లూ అడగలేదు. ఒప్పందం సూత్రాలను కొత్తగా నిర్వచించే బిల్లుకు వ్యతిరేకంగా జరిగింది అది. 2025 ఏప్రిల్‌లో పార్లమెంటు ఆ బిల్లును భారీ తేడాతో తిరస్కరించింది.

ఇక ఇల్లు. 1993 సవరణ తర్వాత ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్న భూమిని తిరిగి ఇమ్మని ట్రిబ్యునల్ సిఫార్సు చేయడానికి వీల్లేదు. పరిష్కారాలన్నీ ప్రభుత్వ భూమి, ప్రభుత్వ డబ్బుతోనే జరుగుతాయి. కాబట్టి కింద చెప్పే గుర్తు లేని మామూలు పట్టా ఉన్న ఇంటిని మీ అబ్బాయి నుంచి ఎవరూ తీసుకోరు. లాయర్‌తో రెండు విషయాలు చూపించుకోమనండి. ఒకటి, పూర్వం ప్రభుత్వ సంస్థల చేతిలో ఉండి అమ్ముడైన భూమి అయితే, అవసరమైతే పరిహారమిచ్చి వెనక్కి తీసుకోవచ్చని పట్టా మీద ప్రభుత్వ సంస్థల చట్టంలోని 27బి సెక్షన్ కింద ఒక గుర్తు ఉండవచ్చు. పరిష్కారం పూర్తయిన చోట్ల ఆ గుర్తులు తొలగిస్తారు. రెండు, అది పూర్తి హక్కా, కౌలు నేల మీద కట్టిన ఇల్లా అన్నది. కౌలు అయితే అద్దె ఎన్నేళ్లకోసారి సవరిస్తారో ఒప్పందంలో చదవకుండా సంతకం పెట్టవద్దు. ఆ స్థలం మావోరీ భూమి కిందికి వస్తుందో లేదో మావోరీ ల్యాండ్ కోర్టు వారి పాతాక ఫెనువా అనే ఆన్‌లైన్ రికార్డుల్లో చూసుకోవచ్చు.